సునీల లేని సినిమా

పొద్దున్నే సునీల పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతుంటే హరిలాల్ గడప మీద కూర్చుని సందులోకి చూస్తున్నాడు. పాలాయన సైకిల్ చైను ఏ మలుపులో ఊడుతుందో, గాంధారి ఊరికి పోయే ఆటో ఎంతమందితో కదులుతుందో, ఎదురింటి కోడలు ఏ రోజు ఎవరి మీద కోపంతో ముగ్గు వేస్తుందో అతనికి తెలుసు. తెలుసుకుని ఏం చేస్తాడంటే ఏమీ చేయడు. చూస్తాడు, అంతే. ఎల్లారెడ్డిలో అంత తీరికగా ఊరిని చూసిన మనిషి మరొకడు ఉండడు.

"రొట్టె సల్లగైతున్నది, తినరాదు?" అంది సునీల.

"ఆగు, గా ముసలాయన మూలమలుపు దాటనీ. నిన్నటి కన్న జర నిమ్మళంగ నడుస్తున్నడు, పాపం."

అంగన్‌వాడీకి వేళవుతోంది. కూతురు అంజలికి జడ వేయాలి. అత్తకు మాత్రలివ్వాలి. ఇంతలో ఫోను మోగింది. హైదరాబాద్ నుంచి మరిది ప్రకాశ్.

"వదినె! సినిమా తయారైంది. ఈ ఐతారం కామారెడ్డిల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. అందరు రావాలె. అన్నను ముందు వరుసల కూసోబెడ్త."

సునీల పిండి చేత్తోనే ఫోను పట్టుకుని బయటికి కేకేసింది. "ఇన్నవా, నీ సినిమా అయిందట!"

హరిలాల్ నవ్వాడు. ముసలాయన మలుపు తిరిగేదాకా మాత్రం లేవలేదు.

గాంధారి దగ్గరి తండాకు సునీల కోడలిగా వచ్చేటప్పటికి ప్రకాశ్ ఆరో తరగతి. తండ్రి లేడు. తల్లి పార్వతిబాయి పొద్దస్తమానం కూలికి పోయేది. ఆ పిల్లవాడి అంగీకి గుండీలు కుట్టిందీ, జ్వరమొస్తే దవాఖానాకు తీసుకుపోయిందీ, హాస్టల్లో చేర్పించడానికి సారును బతిమాలిందీ సునీలే. తర్వాత అంగన్‌వాడీ టీచరుగా ఆమెకు ఎల్లారెడ్డిలో ఉద్యోగం దొరికింది. ఇల్లంతా ఆమె వెనకే ఎల్లారెడ్డికి వచ్చింది.

హరిలాల్ మీద నింద వేయడం కష్టం. తాగడు, కొట్టడు, పేకాట ఆడడు. లారీ క్లీనరుగా చేరాడు, రైసుమిల్లులో చేరాడు, ఎరువుల దుకాణంలో చేరాడు. ప్రతిచోటి నుంచీ ఒకే మాటతో తిరిగొచ్చాడు: "మనసు పడ్తలేదు." ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో కోపం కూడా ఉండదు. యాకూబు చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుంటాడు. తోస్తే కామారెడ్డి బస్సెక్కుతాడు. ఏ పనీ లేకుండా తిరిగొస్తాడు. 'మీ ఆయన ఏం చేస్తడు?' అని ఎవరైనా అడిగితే సునీల 'ఉన్నడు' అనేది.

డిగ్రీకని హైదరాబాద్ పోయిన ప్రకాశ్‌కు సినిమాల పిచ్చి పట్టింది. అందరికీ పట్టేలాంటిది కాదు. దసరాకు వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఏవేవో దేశాల సినిమాలు చూపించాడు. వాటిలో ఎవడూ ఏదీ గెలవడు. ఒకడు లేస్తాడు, చాయ్ తాగుతాడు, బస్సు తప్పిపోతుంది, ఇంకో బస్సు కోసం కూర్చుంటాడు. మరొకడు పగలంతా దోస్తుతో ఊరు తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. అంతే సినిమా.

"ఏ ఆశా లేనోళ్ల మీద తీసిన సినిమాలు వదినె ఇవి," అన్నాడు ప్రకాశ్. "మన అసొంటి మామూలు మనుషులయి."

హరిలాల్ రెప్ప వేయకుండా అన్నీ చూశాడు. "అరె, గీడు అచ్చం నా లెక్కనే ఉన్నడు రా!" అని పగలబడి నవ్వాడు. పనుల మధ్య అటూ ఇటూ తిరిగే సునీలకు ఒక్కటి కూడా పూర్తిగా చూడటం కుదరలేదు.

ఆ తర్వాతి వానాకాలంలో ప్రకాశ్ కెమెరాతో, దోస్తులతో దిగాడు. కథ అన్నదే. నటించేదీ అన్నే. హరిలాల్ రోజూ పెందలాడే లేచి తల దువ్వుకునేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతని కోసం నలుగురు ఎదురుచూడటం అదే మొదలు. వాళ్లందరికీ వండిపెట్టింది సునీల. ఒకరోజు కెమెరా వంటింట్లోకి కూడా వచ్చింది. ఆమె పిండి పిసుకుతుంటే, రొట్టె కొడుతుంటే, కొంగుతో చెమట తుడుచుకుంటుంటే చాలాసేపు తీశారు. సిగ్గుపడుతూనే మర్నాడు అంగన్‌వాడీ ఆయా గంగాబాయికి చెప్పుకుంది. "నేను గూడ ఉన్న అండ్ల."

ఆదివారం నలుగురూ కామారెడ్డి బస్సెక్కారు. హాలు బాగానే నిండింది. ప్రకాశ్ దోస్తులు, కాలేజీ సార్లు, పేపరోళ్లు. తెర మీద పేరు పడింది: 'ఊకెనే కూసున్నోడు'. గడప మీద హరిలాల్. చప్పట్లు. యాకూబు హోటల్లో హరిలాల్. నవ్వులు. బస్సు వెళ్లిపోయాక చెయ్యెత్తే హరిలాల్. ఇంకా నవ్వులు. అవి ఎకసక్కెం నవ్వులు కావు. ఇష్టంగా నవ్వుతున్నారు. హరిలాల్ కూడా నవ్వుతూ అంజలి భుజం తట్టి "చూసినవా మీ బాపును!" అన్నాడు.

అప్పుడొచ్చింది రైల్వే స్టేషన్. తెర మీద హరిలాల్ ఇస్త్రీ అంగీ వేసుకుని కామారెడ్డిలో వాచ్‌మన్ నౌకరి అడగడానికి బయల్దేరతాడు. అడగడానికి పోడు. స్టేషన్ బెంచీ మీద కూర్చుని వచ్చే రైలునూ పోయే రైలునూ చూస్తాడు. పొద్దుగూకాక ఇంటికి తిరిగొచ్చి "మల్ల రమ్మన్నరు" అని చెబుతాడు. ఆ బెంచీ బొమ్మ మీద అతని మనసులో మాటలా, షూటింగప్పుడు లేని వేరే గొంతు ఒకటి వినిపించింది. "ఏం పని జేస్తవని అడుగుతరేమోనని, తెలిసినోడు ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోత."

హాలంతా గొల్లున నవ్వింది. కొందరు ఈలలు వేశారు.

అంజలి భుజం మీద హరిలాల్ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ మాట అతను లోకంలో ఒక్క మనిషికే చెప్పాడు. నౌకరి అడగకుండానే తిరిగొచ్చిన సంగతి కొన్నాళ్లకు తానే భార్య దగ్గర ఒప్పుకుంటూ, గోడ వైపు మొహం తిప్పుకుని చెప్పాడు. అతను మెల్లగా తల తిప్పి సునీలను చూశాడు.

సునీల తెర వైపే చూస్తోంది. ఆ మాట ప్రకాశ్‌కు చెప్పింది తానే. 'అన్న ఎట్లున్నడు వదినె?' అని అతను ఫోన్ చేసినప్పుడల్లా ఆమె గుండె బరువు దించుకునేది. కన్నతల్లి పోయింది. అత్తేమో తన కొడుకు మీద ఒక్క మాట పడనివ్వదు. తన చేతుల మీద పెరిగిన పిల్లవాడికి చెప్పుకోవడమంటే తన కొంగుకు చెప్పుకున్నట్టే అనుకుంది.

ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఇంకొకటి తగిలింది. సినిమా అయిపోయింది. అందులో ఆమె లేదు. ఒక్క చోట కూడా లేదు. అంజలీ లేదు. సినిమాలో హరిలాల్‌కు పెళ్లే కాలేదు. ముసలి తల్లి పార్వతిబాయి కంచంలో రొట్టె వేస్తుంది, అతను తింటాడు. తెర మీది ఆ రొట్టె సునీల చేసిందే.

వేదిక మీద ఒక పెద్దసారు హరిలాల్‌కు శాలువా కప్పాడు. "ఏ బంధమూ లేని మనిషి! పరుగులు తీసే మనకు ఈయన్ని చూస్తే ఈర్ష్య కలుగుతుంది" అన్నాడు. ప్రకాశ్ చప్పట్లు కొట్టాడు. బయటికొస్తుంటే ఎవరో అమ్మాయి సునీలను మర్యాదగా అడిగింది. "మీరు ఆయనకేమవుతారండీ?"

బస్సులో హరిలాల్ కిటికీ పక్కన కూర్చున్నాడు. అతని ఒళ్లో మడత విప్పని శాలువా. తాడ్వాయి దాటాక అన్నాడు.

"గా మాట నీకొక్కదానికే చెప్పిన."

"ఇను జర..."

"నన్ను బజార్ల నిలవెట్టినవ్ సునీలా. కొట్టినా గింత నొవ్వకపోవు."

ఆమె చెప్పాలనుకుంది. 'నన్ను కూడా ముంచిండు నీ తమ్ముడు' అని. ఒళ్లో అంజలి నిద్రపోతోంది, ముందు సీట్లోంచి అత్త వింటోంది. కొంగు తీసి అంజలికి కప్పింది.

మర్నాటి నుంచి హరిలాల్ గడప మీద కూర్చోలేదు. లోపలి గదిలో గోడకు మొహం పెట్టి పడుకున్నాడు. యాకూబు హోటల్‌కు పోలేదు. అన్నం తానే వడ్డించుకుని తిని కంచం తానే కడిగి పెట్టాడు. ఇన్నేళ్లలో ఏనాడూ కడగని మనిషి ఆ కంచం కడుగుతుంటే సునీలకు ప్రాణం తరుక్కుపోయింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండును అనుకుంది. యాకూబు స్వయంగా ఇంటిదాకా వచ్చి "హరిలాల్ భాయ్, నీ బెంచి మీద ఎవ్వన్నీ కూసోనిస్తలేను" అన్నాడు. హరిలాల్ ఇటు తిరగలేదు.

అంగన్‌వాడీలో గంగాబాయి కూడా ఊరుకోలేదు. "మా పిలగాడు చూసిండట టీచరమ్మా. నువ్వు యాడ కనవడలేదన్నడు?"

"కటింగుల పోయిన" అని పిల్లలకు గుడ్లు పంచడానికి లేచింది సునీల. గుడ్డు పెంకు ఒలుస్తుంటే కళ్లు మసకబారాయి. మొగుడికి మాట దాచలేనిదైంది. మరిదికి లెక్కలో లేనిదైంది. తన తప్పేమిటో తనకు తెలుస్తూనే ఉంది. అయితే ఆ తప్పు చేయించిన నమ్మకం తెగిపోయినందుకే ఆమెకు ఎక్కువ దుఃఖం వచ్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున ప్రకాశ్ మిఠాయి డబ్బాతో దిగాడు.

"అవ్వా! మన సినిమా కేరళకు పోతున్నది! ఫిలిం పండుగకు ఎంచుకున్నరు. అన్నను గూడ తోల్కరమ్మన్నరు."

పార్వతిబాయి కొడుకు బుగ్గలు నిమిరింది. ప్రకాశ్ లోపలికి వెళ్లి అన్న పక్కన కూర్చున్నాడు. "అన్నా, లే. ఏంది, పానం బాగలేదా?"

హరిలాల్ లేచి కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. "నువ్వు సినిమా తీసినవ్, మంచిగనే తీసినవ్. నిన్నేమన రా. నాకు పరాయిది ఎవరో ఎర్కైంది, గంతే."

వంటింటి గుమ్మంలో సునీల నిలబడిపోయింది.

పార్వతిబాయి అందుకుంది. "ఇంట్ల మొగుడు చెప్పిన మాట బైట చాటేది ఎక్కడన్న ఉంటదా? నా కొడుకు ఇజ్జత్ తీసింది."

సునీల చేతిలోని చెంబు కింద పెట్టింది. అత్త మీద ఇంతవరకూ గొంతెత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు. తిన్నగా ప్రకాశ్ ముందుకొచ్చింది.

"నువ్వు చెప్పు ప్రకాశ్. గా మాట నేను నీకెట్ల చెప్పిన?"

ప్రకాశ్ తల దించుకున్నాడు. "ఏడ్సుకుంట చెప్పినవ్ వదినె."

"చెప్పి ఏమన్న?"

"అన్న లోపల్లోపల కుమిలిపోతుండు, నీ మాటంటే ఇంటడు, జర ఫోన్ చేసి ధైర్యం చెప్పు అన్నవ్."

"మరి చేసినవా?"

ప్రకాశ్ అన్న వైపు ఒకసారి చూసి చూపు దించేశాడు.

"చెయ్యలే. దవాఖానాకు తోల్కపోమని బిడ్డను చేతికిచ్చినట్టు నీకు చెప్తే, నువ్వు తీస్కపోయి సంతల నిలవెట్టినవ్. సరే, అది నా తప్పే. మొగని మాట నోరు దాటనిచ్చిన. దానికి ఆయన ఏ శిక్షేసినా పడ్త. ఇంకొకటి చెప్పు. నేనేడ వోయిన సినిమాల?"

"వదినె, అది..."

"పొయ్యి ముంగట పొగల కూసోబెట్టి గంతసేపు తీసినవ్ గద? చెప్పు."

ప్రకాశ్ నిజమే చెప్పాడు. "నీయి మస్తున్నయి వదినె. అన్నిటి కన్న మంచిగొచ్చినయి. ముందుగాల పెట్టి దోస్తులకు చూపించిన. అన్న గడప మీద కూసున్నంతసేపు నవ్విన్రు. నువ్వు కనవడంగనే నవ్వాగిపోయింది. నువ్వు బిందె మోసుకొస్తుంటే, అన్న కాళ్లు జాపి కూసుంటే, ఒగడు 'లేవరాదా వీడు' అని తిట్టిండు. ఆడపిల్లలైతే అన్న మీద కోపానికొచ్చిన్రు. నువ్వుంటే అన్నను ఎవ్వరు ఇష్టపడ్తలేరు వదినె. అందుకే తీసేసిన."

సునీల ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"గా ఇష్టం కోసం నన్ను లేకుండ జేసినవ్. నువ్వు గింతున్నప్పటి సంది చూస్తున్నవ్ గద, ఈ ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తరో నీకు తెల్వదా? 'ఏ బంధం లేని మనిషి' అని గా సారు అంటుంటే సప్పట్లు కొట్టినవ్. నేను, నా బిడ్డ ముందు వరుసల్నే కూసున్నం. మేమెవ్వరం రా?"

పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె ప్రకాశ్‌ను 'రా' అనలేదు. ఆ ఒక్క అక్షరానికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

హరిలాల్ తమ్ముడి వైపు తిరిగాడు. అడిగేటప్పుడు అతని గొంతు బాగా తగ్గిపోయింది. "నిజంగనే కోపానికొచ్చిన్రా? నా మీద?"

"అవునన్నా."

హరిలాల్ ఏదో లెక్క చూసుకుంటున్నవాడిలా ఒక్కొక్క మొహమూ చూశాడు. తల్లిని, తమ్ముణ్ని, ఎదురుగా నిలబడ్డ భార్యను.

"సినిమా మొత్తం చూసిన నేను," అన్నాడు మెల్లగా. "మొదటి నుంచి చివరిదాక. నేనెట్ల నడుస్తున్న, నేనెట్ల నవ్వుతున్న, అదే చూసుకున్న. నా మాట బైట వడ్డదని గిన్ని దినాలు ఏడ్సిన. సునీల అండ్ల లేదన్న ముచ్చట... ఇప్పుడు మీరనుకుంటుంటే ఎర్కైంది నాకు. అప్పుడు సూడనే లేదు. ఊరోళ్లందరిని సూస్త గని, పక్కన కూసున్న దీన్ని సూడలే."

అప్పుడు ఏడ్చింది సునీల. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది.

పార్వతిబాయి మిఠాయి డబ్బా పక్కకు నెట్టింది. "నాకు రొట్టె కొట్టుడు చేతగాక ఎన్నేండ్లాయె రా! నేను పెట్టినట్టు చూపెట్టినవ్. నాకు గూడ సిగ్గులేకపాయె, అందరి ముంగట మురిసిన" అని మనవరాలి పక్కన చేరి కూర్చుంది.

"నేను కేరళకు పంపనన్నా," అన్నాడు ప్రకాశ్, కళ్లు తుడుచుకుంటూ. "గా మాట గూడ తీసేస్త."

"మాట తియ్యకు. నేనన్నదే గద." హరిలాల్ లేచి నిలబడ్డాడు. "సునీలను అడుగు. ఆమె ఊ అంటే ఆమెను పెట్టు. బిందె మోసేది, పిండి పిసికేది, అన్నీ పెట్టు. నన్ను తిట్టుకుంటరా? తిట్టుకోని."

పెరట్లో రాతి మీద కూర్చున్న సునీలకు ఆ మాటలు వినపడ్డాయి. తల తిప్పకుండానే "ఇప్పుడేం అడగొద్దు నన్ను. మనసు కుదురుకోనియ్యి ముందు" అంది, లోపలికి వినపడేటట్టు. ప్రకాశ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "సరే వదినె" అని వెనక్కి పోయి అంజలికి జడ వేయడం మొదలుపెట్టాడు. అతనికి రాదు. వంకరగా వచ్చింది.

హరిలాల్ పెరట్లోకొచ్చి ఆమెకెదురుగా నేల మీద కూర్చున్నాడు. రేపటి నుంచి ఇలా చేస్తా, అలా చేస్తా అని మాటివ్వడం అతని వల్ల కాదు. ఇచ్చినా ఆమె నమ్మదని ఇద్దరికీ తెలుసు.

"నేను టేషన్‌ల కూసున్న దినం," అన్నాడు చివరకు, "నువ్వేం జేసినవ్?"

సునీల తలెత్తింది. పెళ్లై ఇన్నేళ్లలో 'నువ్వేం చేసినవ్' అని ఈ మనిషి అడగడం ఇదే మొదలు.

"ఎందుకిప్పుడు?"

"చెప్పు."

ఆమె ముక్కు తుడుచుకుంది. "పొద్దుగాలనే గంగాబాయికి చెప్పిన. మా ఆయనకు కామారెడ్డిల నౌకరి అయితదని. పిల్లలకు బెల్లం పంచిన. ఆకిరికి సూపర్వైజరమ్మ వస్తే ఆమెకు గూడ చెప్పిన. ఆమె నవ్వి, 'ఇగ నీ కష్టం తీరింది సునీలా' అన్నది. కష్టం తీరుడు ఏందని నాకు కోపమొచ్చింది. నువ్వు కష్టం కాదు నాకు. గని ఒక్క దినం, గా ఒక్క దినం, మా ఆయన ఏం జేస్తడో నోరు నిండ చెప్పుకున్న."

హరిలాల్ కళ్లు తుడుచుకోలేదు. ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.

"మరి నేను రాంగనే మల్ల రమ్మన్నరు అన్న గద. నమ్మినవా?"

"నమ్మలే. నీ కండ్లు చూడంగనే ఎర్కైంది. నీళ్లు తోడి పెట్టి బైటికి పోయిన."

"యాడికి?"

"యాడికి లేదు. గట్లనే సందు చివరిదాక పోయిన. మనుషులు ఎదురొస్తే ఏమడుగుతరో అని జర సేపు గోడ సాటుకు నిలవడ్డ."

హరిలాల్ ఆమె వేళ్లు అందుకున్నాడు. బొబ్బలెక్కి మొద్దుబారిన వేళ్లు. ఆమె విడిపించుకోబోయి, విడిపించుకోలేదు. అంగన్‌వాడీకి ఎప్పుడో వేళ దాటిపోయింది. సునీల లేవలేదు. హరిలాల్ ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"తర్వాతేమైంది?" అన్నాడు.